క్లాసు ఫస్టు పిల్లలకు బెంగెందుకు?

జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 మందిని తీసుకుంటారు. జిల్లా అంతటి నుంచి అయిదో తరగతి పిల్లలు పోటీ పడి రాసే పరీక్షలో నెగ్గి వచ్చినవాళ్లు వీళ్లు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. చాలామంది అప్పటిదాకా తమ తమ బడుల్లో ఫస్టు. కొత్త బడిలో మొదటి పరీక్ష పెట్టేసరికి ఆ 80 మందిలో ఫస్టు ఒక్కరే మిగులుతారు. తక్కినవాళ్లు ఊహ తెలిశాక మొట్టమొదటిసారి ఇంకొకరి వెనక నిలబడతారు. వారం పది రోజుల్లో సర్దుకునేవాళ్లు సర్దుకుంటారు. కొందరు మాత్రం సర్దుకోలేరు. పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి వస్తుంది. రాత్రి నిద్ర పట్టదు. తెలిసిన జవాబుకు కూడా చెయ్యి ఎత్తరు. ఇంటి నుంచి ఫోను వస్తే ‘నన్ను తీసుకుపోండి’ అన్న ఒక్క మాటే. గురుకులాల్లో, ట్రిపుల్ ఐటీల్లో, పేరున్న జూనియర్ కాలేజీల్లో చేరిన పిల్లల ఇళ్లలోనూ ఈ మాట కొత్తది కాదు.

ఆ మాట వినగానే ఇంట్లో రెండు సలహాలు పుడతాయి. ‘పసిది, తట్టుకోలేకపోతోంది, మన ఊరి బడిలోనే వేసేద్దాం’ అని ఒకరంటారు. ‘నాలుగు రోజులు ఏడిస్తే అదే అలవాటవుతుంది, మెత్తబడకండి’ అని ఇంకొకరు. రెండూ ప్రేమతో చెప్పేవే. కానీ పిల్లల ఆందోళన మీద గత నాలుగైదు దశాబ్దాల్లో జరిగిన పరిశోధనను దగ్గర పెట్టుకుని చూస్తే రెండూ పొరపాటు సలహాలే. మన పల్లెల్లో బావిలో ఈత నేర్పే పద్ధతి ఈ రెంటి కంటే తెలివైనది. భయపడ్డాడని పిల్లాణ్ణి ఒడ్డునే కూర్చోబెట్టరు. అమాంతం నీళ్లలోకి తోసెయ్యరు. వీపుకు బెండు కట్టి దింపుతారు. చేతులు కాళ్లు ఆడించడం వచ్చేకొద్దీ బెండు ఒక్కో ముక్కా తగ్గిస్తారు. నీళ్ల లోతు మారదు, ఆసరా మాత్రం మారుతుంది. చురుకైన పిల్లలకు కష్టమైన చదువు అలవాటు చెయ్యడానికి కూడా ఇదే దారి అని ఈ వ్యాసం వాదన. అయితే బెండు ఎక్కడ కట్టాలో తెలియాలంటే ముందు భయం ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి.

అతి తెలివి ఉన్నవాళ్ల మనసు సహజంగానే పెళుసు అన్న నమ్మకం పాతది. 19వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు సెజారే లాంబ్రోసో ప్రతిభకూ పిచ్చికీ చుట్టరికం అంటగట్టాడు. 1921లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లూయిస్ టెర్మన్ చాలా ఎక్కువ తెలివితేటలున్న 1,500 మందికి పైగా పిల్లల్ని ఎంచుకుని, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా గమనించడం మొదలుపెట్టాడు. మొత్తమ్మీద వాళ్లు ఆరోగ్యంలోనూ మనోనిబ్బరంలోనూ తోటివారికి తీసిపోలేదు. ఆ పిల్లల్లో ఎక్కువమంది కలిగిన ఇళ్లవాళ్లు కాబట్టి ఆ ఒక్క అధ్యయనం మీదే ఆధారపడలేం. కానీ తర్వాత జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో కూడా ప్రతిభావంతులైన పిల్లల్లో ఆందోళన మిగతావారి కంటే ఎక్కువగా కనిపించలేదు. తెలివి ఉన్నందువల్ల బెంగ పుట్టదన్న మాట. మరి మొన్నటిదాకా హాయిగా ఉన్న పిల్లకు కొత్త బడిలో బెంగ ఎందుకు పట్టుకుంటుంది? పిల్ల మారలేదు, చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. ఆ మార్పులో మూడు పాయలున్నాయి.

మొదటిది పోలిక. పిల్లలు తమ శక్తిని గజంబద్ద పెట్టి కొలుచుకోరు, పక్క బెంచీని చూసి కొలుచుకుంటారు. ఆస్ట్రేలియాలో పనిచేసిన హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లో దీనికి ‘చిన్న చెరువులో పెద్ద చేప’ ప్రభావం అని పేరు పెట్టాడు. ఒకే స్థాయి తెలివి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు మామూలు బడిలో, మరొకరు ఏరికోరి చేర్చుకున్న పిల్లల బడిలో చదువుతుంటే, రెండో పిల్లకే తన చదువు మీద నమ్మకం తక్కువ. 2003లో మార్ష్, హౌ అనే మరో పరిశోధకుడు కలిసి 26 దేశాల్లో లక్ష మందికి పైగా 15 ఏళ్ల పిల్లల సమాచారాన్ని పరిశీలిస్తే దాదాపు అన్నిచోట్లా ఇదే కనిపించింది. అంటే కొత్త బడిలో ‘నాకేం రాదు’ అనే పిల్ల అబద్ధమాడడం లేదు, నటించడం లేదు. కొలబద్ద మారినప్పుడు ఎవరికైనా తోచేదే ఆ పిల్లకూ తోస్తోంది. ‘నువ్వు చాలా తెలివైనదానివి, భయపడకు’ అని ఎంత చెప్పినా ఆ మాట తలకెక్కకపోవడానికి కారణం ఇదే. రోజూ కళ్లెదుట కనిపించే పోలిక ముందు మన మాట తేలిపోతుంది.

రెండోది అలవాటు లేకపోవడం. ఒకసారి వింటే పట్టేసే పిల్లను మనం ఏకసంథాగ్రాహి అని మెచ్చుకుంటాం. ఆ మెప్పులోనే ఒక చిక్కుంది. అయిదేళ్లపాటు ప్రతి పాఠమూ ఒకే సంథలో వచ్చేస్తే రెండో సంథ ఎలా చదవాలో నేర్చుకునే అవసరమే రాదు. చిక్కుముడి పడిన లెక్క దగ్గర అరగంట కూర్చోవడం, తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి వెతకడం, అర్థం కాలేదని అడగడం నేర్చుకోవలసిన పనులు. సగటు పిల్లలు వీటిని రెండో తరగతిలోనే మొదలుపెడతారు. క్లాసు ఫస్టు పిల్లలకు ఆరో తరగతిలోనో ఇంటర్‌లోనో మొదటిసారి అవసరపడతాయి. అప్పటికి ‘నేను తెలివైనదాన్ని కాబట్టే నాకు సులువుగా వస్తుంది’ అన్న లెక్క మనసులో గట్టిపడి ఉంటుంది. దాన్ని తిరగేస్తే ‘సులువుగా రావడం లేదంటే నాకు తెలివి లేదు’ అవుతుంది. 1998లో క్లాడియా ముల్లర్, కెరల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ఈ తిరగేసిన లెక్కనే పట్టుకున్నాయి. సులువైన సమస్యలు చేశాక కొందరి తెలివిని, కొందరి శ్రమను మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన సమస్యలిచ్చారు. మళ్లీ సులువైనవి ఇచ్చేసరికి తెలివికి మెప్పు పొందినవాళ్లు మొదటిసారి కంటే తక్కువ చేశారు, శ్రమకు మెప్పు పొందినవాళ్లు ఎక్కువ చేశారు. శ్రమ గుంపులో కంటే తెలివి గుంపులో ఎక్కువమంది తమకు వచ్చిన మార్కుల్ని పెంచి చెప్పుకున్నారు కూడా.

మూడోది మెదడు పనితీరు. లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన సంఖ్యలను, తర్వాత చెయ్యాల్సిన అంచెలను కాసేపు పట్టి ఉంచే చిన్న పలక లాంటిది మనసులో ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. ‘తప్పు పోతే ఏమంటారో’ అన్న బెంగ కూడా ఆ పలక మీదే రాసుకుంటుంది. అది సగం జాగా ఆక్రమిస్తే లెక్కకు మిగిలేది సగమే. ఇక్కడ ఎవరూ ఊహించని సంగతి ఒకటి బయటపడింది. 2005లో షాన్ బైలాక్, థామస్ కార్ ఒత్తిడి పెట్టి లెక్కలు చేయించినప్పుడు దెబ్బతిన్నది పెద్ద పలక ఉన్నవాళ్లే. చిన్న పలక ఉన్నవాళ్లలో పెద్ద తేడా రాలేదు. 2013లో జెరార్డో రమిరెజ్ బృందం ఒకటి, రెండు తరగతుల పసిపిల్లల్లో లెక్కల భయాన్ని పరిశీలించినప్పుడు కూడా అంతే. భయం వల్ల ఎక్కువగా వెనకబడినవాళ్లు వర్కింగ్ మెమరీ ఎక్కువున్న పిల్లలే. పరిశోధకులు చెప్పే కారణం సబబుగా ఉంది. ఎక్కువ శక్తి ఉన్న పిల్లలు ఆ శక్తినంతా వాడుకునే పద్ధతుల్లో లెక్క చేస్తారు, ఆ జాగా లాగేసుకుంటే వాళ్లకే ఎక్కువ నష్టం. ‘అంత తెలివైన పిల్ల పరీక్షలో ఎందుకు తడబడింది’ అని ఆశ్చర్యపోయే పెద్దలకు సమాధానం ఆ ప్రశ్నలోనే ఉంది.

కొంచెం భయం ఉంటేనే చదువుతారని వాదించేవాళ్లు ఉంటారు. ఆ మాటలో సగం నిజముంది. 1908లో రాబర్ట్ యర్కీస్, జాన్ డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగాన్ని ఈ వాదనకు తరచూ సాక్ష్యంగా తెస్తారు. తెల్ల గదికీ నల్ల గదికీ తేడా గుర్తుపట్టడం నేర్పుతూ, తప్పు చేస్తే చిన్న విద్యుత్ షాక్ ఇచ్చారు. తేడా స్పష్టంగా ఉన్నప్పుడు షాక్ పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా గుర్తుపట్టడం కష్టమైనప్పుడు మాత్రం గట్టి షాక్ నేర్పును చెడగొట్టింది, తక్కువ షాకే మేలు చేసింది. ఎలుకల ప్రయోగాన్ని పిల్లలకు అలాగే అంటగట్టకూడదు. అయినా ఈ వాదన చేసేవాళ్లు తాము తెచ్చిన సాక్షి చివరి మాట కూడా వినాలి. పని కష్టమయ్యేకొద్దీ భయం తగ్గాలన్నదే ఆ మాట. కంఠతా పట్టిన ఎక్కాలను గడగడ అప్పజెప్పించడానికి బెత్తం పనికొచ్చిందేమో గానీ, కొత్త లెక్కకు దారి వెతకడానికి పనికిరాదు. కష్టమైన చదువు పెట్టే బడే భయాన్ని అందరికంటే ఎక్కువగా తగ్గించాలి.

మరి భయం తగ్గించడానికి కష్టాన్నే తీసేస్తే? ఊళ్లో బడికి తిరిగి తెచ్చేస్తే పిల్ల ఆ సాయంత్రమే నవ్వుతుంది. చిక్కల్లా ఆ నవ్వులోనే ఉంది. భయపెట్టినదాని నుంచి తప్పుకోగానే వచ్చే ఊరట, తప్పుకోవడాన్నే అలవాటు చేస్తుంది. ‘నేను అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో’ అన్న ప్రశ్నకు జవాబు దొరకదు కాబట్టి భయం చెక్కుచెదరదు. ఇంకోచోట ఇంకో రూపంలో లేస్తుంది. ఆందోళనకు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పనిచేసేది దీనికి ఎదురు దిశలో. భయపెట్టే పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, తోడుండి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు. 2008లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో 7 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 488 మంది పిల్లల్లో, ఈ చికిత్స పొందినవారిలో 60 శాతం బాగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో మెరుగైంది 24 శాతమే. 2020లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్స్ బృందం ఇంకా ఆసక్తికరమైన సంగతి చూపించింది. 124 మంది పిల్లల్లో కొందరికి నేరుగా చికిత్స చేశారు, మిగిలినవారి విషయంలో తల్లిదండ్రులకు మాత్రమే తర్ఫీదు ఇచ్చారు. పిల్ల బాధను అర్థం చేసుకున్నామని చెప్పడం, ‘నువ్వు తట్టుకోగలవు’ అన్న నమ్మకం చూపడం, భయానికి లొంగి చేస్తున్న సర్దుబాట్లను మెల్లగా తగ్గించుకోవడం ఆ తర్ఫీదు సారాంశం. పిల్లలు ఒక్కసారి కూడా చికిత్సకు రాకపోయినా, నేరుగా చికిత్స పొందినవారికి దీటుగా కోలుకున్నారు.

దీన్ని మన ఇళ్లలోకి తెచ్చుకుంటే ఏం చెయ్యాలో తేలిగ్గానే తెలుస్తుంది. పిల్ల ఫోన్లో ఏడిస్తే ‘ఏడవకు’ అనడం కంటే ‘కష్టంగానే ఉంటుందమ్మా, నాకు తెలుసు, అయినా నువ్వు చెయ్యగలవు’ అనడం మేలు. రోజుకు అయిదుసార్లు ఫోను చేసి ధైర్యం చెబుతుంటే వేళ పెట్టి ఒక్కసారికి తగ్గించుకోవాలి. పరీక్ష రోజు బడి మానిపించే బదులు, ఆ రోజు వెళ్లి తెలిసిన మూడు ప్రశ్నలు రాసి రావడమే మొదటి మెట్టు అనుకోవాలి. బళ్లో మాస్టారు చెయ్యగలిగింది ఇంకా ఎక్కువ. మొదటి రెండు నెలలు మార్కులు లేని కష్టమైన లెక్కలు ఇవ్వొచ్చు. బోర్డు మీద తాను కూడా ఒక దారిన వెళ్లి, అది కుదరక వెనక్కి వచ్చి, ఇంకో దారి పట్టడం పిల్లల కళ్లముందు చెయ్యొచ్చు. చెయ్యి ఎత్తడానికి జంకే పిల్లను ముందు పక్క పిల్లకు చెప్పమని, తర్వాత నలుగురికి, ఆ తర్వాత తరగతికి చెప్పమని అడగొచ్చు. ఇవన్నీ బెండు ముక్కలు. పిల్లకు వచ్చేకొద్దీ ఒక్కొక్కటీ తీసెయ్యాలి. తియ్యడం మరిచిపోతే ఆసరాయే కొత్త అలవాటవుతుంది.

అయితే బెంగ అనుకున్నదంతా బెంగే కాకపోవచ్చు. ఆసరా మొదలుపెట్టే ముందు మరో పరిశీలన తప్పనిసరి. గ్రామీణ ప్రతిభ కోసం 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కుల మీద పిల్లల్ని తీసుకుని, ఆరేళ్ల ఇంజనీరింగ్ కోర్సు చదివిస్తాయి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలకు తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు ఫిజిక్స్ కష్టమా, ఫిజిక్స్ చెప్పే ఇంగ్లిషు కష్టమా? భాష అడ్డమైతే ధైర్యవచనాలు పనికిరావు. కొన్ని వారాల బ్రిడ్జి కోర్సు, రెండు భాషల్లో పదాల పట్టిక కావాలి. కింది తరగతుల్లో భిన్నాలు సరిగా పట్టుబడకపోతే ఆ గండి పూడ్చాలి. బోర్డు కనిపించక వెనకబడే పిల్లలు ఉంటారు. తెలివి వెనక డిస్‌లెక్సియా దాక్కుని ఇన్నాళ్లూ బయటపడని పిల్లలు ఉంటారు. హాస్టల్లో ఎవరైనా ఏడిపిస్తున్నందుకు చదువు మీద వంక పెట్టే పిల్లలూ ఉంటారు. ఇవి తేల్చుకోకుండా ‘నీ ఆలోచన మార్చుకో’ అనడం అన్యాయం. చిట్కాల మీద ఆశ కూడా కట్టిపెట్టాలి. పరీక్షకు ముందు పది నిమిషాలు భయాలన్నీ కాగితం మీద రాసేస్తే మార్కులు పెరిగాయని 2011లో ఒక ప్రయోగం చెప్పింది. 2018లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. మెప్పు మాటలు మార్చడం మంచిదే, కానీ తెలివి పెరుగుతుందన్న నమ్మకాన్ని ఒక చిన్న పాఠంతో కలిగించి చూసిన 2019 నాటి పెద్ద అమెరికా అధ్యయనంలో వచ్చిన లాభం స్వల్పం. మెట్టు మెట్టుగా ఎక్కడానికి అడ్డదారి లేదు.

ఇంత శ్రమ ఎందుకు, చిన్న చెరువులో పెద్ద చేపగా ఉంటే పిల్ల సుఖంగా ఉంటుంది కదా అన్నది గట్టి అభ్యంతరమే. పెద్ద చెరువులో ఆత్మవిశ్వాసం తగ్గుతుందని పైన నేనే చెప్పాను. కానీ అది దీర్ఘకాలం మనసును దెబ్బతీస్తుందా అన్నది వేరే ప్రశ్న. జూలియన్ స్టాన్లీ 1971లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన అధ్యయనంలో లెక్కల్లో అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లల్ని దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చారు. వాళ్లలో కొందరు తరగతులు దాటించుకుని, వయసుకు మించిన కోర్సులు చదివారు. 1,600 మందికి పైగా మనుషులు 50 ఏళ్ల వయసుకు వచ్చాక వాళ్ల మానసిక క్షేమాన్ని కొలిచిన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ముందుకు దూకి చదివినందువల్ల వాళ్లకు హాని జరిగిన జాడ లేదు. తగిన ఆసరాతో ఇచ్చిన కష్టం పిల్లల్ని విరగ్గొట్టదని దీన్నిబట్టి చెప్పొచ్చు. ఇది ప్రతి పిల్లనూ ఎలాగైనా అక్కడే ఉంచాలన్న తీర్పు మాత్రం కాదు. వారాల తరబడి తిండీ నిద్రా కరువైనా, తనను తాను గాయపరుచుకున్నా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా చదువు సంగతి పక్కన పెట్టాలి. పిల్లను ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది. బడి మార్చడం కూడా ఒక మందే. భయం ఉద్ధృతంగా ఉన్న రాత్రి ఆ నిర్ణయం తీసుకోకుండా, నిమ్మళించాక పిల్లతో కూర్చుని తీసుకోవాలి.

చివరి అభ్యంతరం అన్నింటికంటే న్యాయమైనది. బడి పద్ధతే పిల్లల్ని నలిపేస్తుంటే పిల్లకు ధైర్యం నేర్పడం దేనికి? వారం వారం పరీక్ష పెట్టి, ర్యాంకుల పట్టిక గోడకు అతికించి, మార్కులు తగ్గిన పిల్లను కింది సెక్షనుకు నెట్టే చోట ఈత నేర్పడం జరగదు. బావిలో దింపి బెండు లాగేసుకున్నట్టే అవుతుంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ ప్రాణాలు కోల్పోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంగతే చెప్పాయి. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచిలుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం కోచింగ్ కేంద్రాలు మానుకోవాలంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. విజ్ఞానం కూడా అటే మొగ్గుతోంది. కొత్తలో ‘ఇది నా చోటు కాదేమో’ అన్న సందేహం అందరికీ వస్తుందనీ, కాలంతో పోతుందనీ సీనియర్ల అనుభవాల ద్వారా తెలియజెప్పే పద్ధతిని అమెరికాలో 22 విద్యాసంస్థల్లో దాదాపు 27,000 మంది మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. పిల్లలకు నిజంగానే చోటిచ్చే వాతావరణం ఉన్న దగ్గర మాత్రమే ఆ మాటలు పనిచేశాయి. లేని దగ్గర మాటలు మాటలుగానే మిగిలాయి. కాబట్టి పిల్లకు ధైర్యం నేర్పడం, బడి తీరు మార్చడం రెండూ కలిసి నడవాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి పరీక్ష అయ్యాక ‘ఎన్ని మార్కులు’ అన్న ప్రశ్న ఒక్క రోజు ఆపి, ‘ఏ లెక్క దగ్గర ఆగిపోయావు, ఆగాక ఏం చేశావు’ అని అడగండి. ఆ జవాబును మధ్యలో అడ్డుపడకుండా వినండి. బడి పెద్దలు కూడా గోడ మీది ర్యాంకుల పట్టిక తీసేసి, ఆ స్థలంలో ఈ వారం అందరినీ ఆపేసిన లెక్క ఒకటి రాసిపెట్టండి. ఆ 80 మందిలో ఫస్టు ఎప్పుడూ ఒక్కరే ఉంటారు. చిక్కుపడిన లెక్క దగ్గర భయపడకుండా కూర్చోవడం మాత్రం 80 మందీ నేర్చుకోగలరు. అది నేర్పవలసిన బాధ్యత మనది.